పిండివంటల జిడ్డు, కుంకుడు రసం: గ్యాస్ పొయ్యి శుభ్రం చేసిన నా అనుభవం

గ్యాస్ పొయ్యి మీద చేరే మురికినంతా మనం జిడ్డు అనే ఒక్క మాటతో తేల్చేస్తాం గాని, కాస్త దగ్గరగా చూస్తే అందులో నాలుగైదు రకాలు కనిపిస్తాయి. ఈ సంక్రాంతికి అరిసెలు, జంతికలు, బూందీ వండడం ముగిసిన తరువాత మా మూడు బర్నర్ల గాజు పొయ్యి మీద అవన్నీ ఒకేసారి ఉన్నాయి. మూకుడులోంచి చిట్లిన నూనె కొన్నిచోట్ల ఇంకా తడిగా ఉంది, కొన్నిచోట్ల గోరుతో గీసినా రాని తేనెరంగు బొట్లుగా బిగిసిపోయింది. అరిసెల పాకం ఒలికి మాడి నల్లని పెంకు కట్టింది. పాలు పొంగిన చోట అంచుల్లో గోధుమరంగు పొర ఉంది. చారు, పప్పు పొంగిన చోట పసుపు మరకలున్నాయి. వీటన్నిటికీ అడుగున, రోజూ తడిగుడ్డతో తుడిచి వదిలేసిన బోరు నీటి తెల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. వీటిలో ఒకదానికి పనికొచ్చే పదార్థం మరొకదానికి పనికిరాదన్నది ఈ పని చేస్తున్నప్పుడు నాకు బాగా అర్థమైన విషయం.

కొనితెచ్చిన రసాయనపు ద్రావకాలు వాడకపోవడానికి మా ఇంట్లో ఒక కారణం ఉంది. మాది అపార్ట్‌మెంటు. వంటింటికి ఉన్న ఒక్క కిటికీ ఇరుకైన సందులోకి తెరుచుకుంటుంది. మా అత్తగారికి ఉబ్బసం. జిడ్డు వదిలించడానికి చిమ్మే ద్రావకాల ఘాటుకు ఆవిడకు దగ్గు మొదలై ఒక పట్టాన తగ్గదు. అందుకని ఇంట్లో ఎప్పుడూ ఉండే కుంకుడుకాయలు, చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, వంటసోడా, బియ్యప్పిండి, కొబ్బరిపీచు, వీటితోనే పని పూర్తి చేయాలని నిర్ణయించుకున్నాను. వంటసోడా కర్మాగారంలో తయారయ్యేదే గనుక దాన్ని ప్రకృతి సహజమని గట్టిగా అనలేం. కాని ఘాటు లేనిది, తినే పదార్థాల్లో వాడేది కనుక నాకు అభ్యంతరం లేకపోయింది.

ముందురోజు రాత్రి కుంకుడుకాయలు గుప్పెడు తీసుకుని, చితక్కొట్టి గింజలు తీసేసి, వేడినీళ్ళలో నానబెట్టాను. నురుగునిచ్చే సపోనిన్లు ఉండేది పైతొక్కలోనే గనుక గింజలు ఉంచి ప్రయోజనం లేదు. ఉదయానికి తొక్కలు మెత్తబడ్డాయి. వాటిని చేత్తో బాగా పిసికి, పలుచని గుడ్డలో వడకట్టాను. వడకట్టకుండా వాడితే తొక్కల నలుసులు బర్నర్ల రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. తలంటుకు చేసే రసం కంటే ఇది కొంచెం చిక్కగా ఉంటేనే నూనె మీద బాగా పనిచేస్తుంది. కుంకుడు రసంలో నాకు నచ్చిన మరో గుణం, అది బోరు నీటికి లొంగకపోవడం. మామూలు సబ్బు ఉప్పునీటిలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది, ఆ తెట్టు గాజు మీద మసకగా మిగిలిపోతుంది. సపోనిన్లు అలా విరిగిపోవు, కాబట్టి మా నీటితో కూడా నురుగు బాగానే వచ్చింది.

పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత, గ్యాస్ బండ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి అప్పుడు పని మొదలుపెట్టాను. గాజు పొయ్యి విషయంలో చల్లారడం అన్నది చాలా ముఖ్యం. ఈ గాజును 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, గాలితో ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. అందువల్ల దాని పైపొర ఎప్పుడూ ఒత్తిడిలో బిగిసి ఉంటుంది. ఆ బిగువే దానికి బలం. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు పోసినా, స్టీలు పీచుతో లోతైన గీతలు పడేలా రుద్దినా ఆ బలం దెబ్బతిని, ఒక్కోసారి పలక మొత్తం చిన్నచిన్న ముక్కలైపోతుంది. మా అమ్మమ్మ కట్టెలపొయ్యి మీద మాడిన గిన్నెల్ని బూడిదతోనూ కొబ్బరిపీచుతోనూ తోమి తళతళలాడించేది. బూడిదలో ఉండే పొటాషియం కార్బొనేటు క్షారం కనుక అది కొవ్వును కొంత సబ్బుగా మార్చేస్తుంది, దానితోపాటు ఉండే గరుకుదనం మసిని గీకేస్తుంది. ఇత్తడికీ ఇనుముకూ అది చక్కగా సరిపోయేది. గాజుకు మాత్రం ఆ గరుకుదనమే ప్రమాదం గనుక, బూడిద దొరికినా నేను దీనికి వాడను.

స్టాండులు, బర్నర్లు, వాటి కింది స్టీలు ప్లేట్లు తీసి పక్కన పెట్టాను. తడిగుడ్డ వేయడానికి ముందు, డబ్బా అడుగున మిగిలిన పాత బియ్యప్పిండిని తడి నూనె ఉన్న చోట్ల చల్లి కాసేపు వదిలేశాను. ఒంటికి నూనె రాసుకున్నాక సున్నిపిండి చేసే పనే ఇక్కడ బియ్యప్పిండి చేస్తుంది. నూనెను పీల్చుకుని ఉండలు కట్టిన పిండిని పొడిగుడ్డతో ఎత్తేస్తే సగం జిడ్డు నీళ్ళు తగలకుండానే పోయింది. ఈ అంచె లేకుండా నేరుగా నీళ్ళు పోస్తే, నూనె పలక అంతా పాకి కింద నాబ్‌ల సందుల్లోకి దిగుతుంది. అక్కడ చేరిన జిడ్డు తీయడం మన చేతిలో పని కాదు.

తరువాత కుంకుడు రసాన్ని గోరువెచ్చగా చేసి, పాత నూలు చీర ముక్కల్ని అందులో ముంచి, నీరు కారకుండా పిండి, పలక మీద పరిచాను. వెంటనే రుద్దబోతుంటే మా అత్తగారు, «ముందు నాననివ్వమ్మా, తరువాత తోముదువు గాని» అన్నారు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. గుడ్డ కింద తడి ఆరకుండా అరగంట సేపు ఉంచిన తరువాత తీసి తుడిస్తే, పాల పొర గుడ్డతోపాటే ఊడి వచ్చింది. పాలు మాడినప్పుడు గట్టిపడేది అందులోని మాంసకృత్తులూ చక్కెరా కనుక, వాటికి కావలసింది ముందుగా తడి, ఆ తరువాతే బలం. పాకం పెంకు కూడా అంతే. బెల్లం నీళ్ళలో కరిగేదే గనుక, పూర్తిగా బొగ్గు కాని భాగమంతా వేడి గుడ్డ కింద మెత్తబడింది. దాన్ని చెక్క అట్లకాడ అంచుతో పలకకు ఏటవాలుగా పట్టి నెట్టితే పెచ్చులుగా లేచింది. పక్కనున్న నేతి మరకలు వెచ్చటి గుడ్డ తగలగానే కరిగి పోయాయి.

ఇంత చేసినా కదలనివి ఆ తేనెరంగు నూనె బొట్లు. వీటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొయ్యి శుభ్రం చేసేవాళ్ళలో ఎక్కువమంది ఓపిక కోల్పోయి స్టీలు పీచు అందుకునేది ఇక్కడే. పొద్దుతిరుగుడు నూనె వంటి వాటిలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. పలుచని పొరగా పరుచుకున్న ఆ నూనెకు సెగ, గాలి రెండూ తగిలితే, దాని అణువులు ఒకదానికొకటి అల్లుకుపోయి వార్నిష్ లాంటి పొర అవుతుంది. అవిసె నూనెతో కలిపిన రంగు గోడ మీద ఆరి గట్టిపడేదీ, ఇనుప పెనం మీద నల్లటి నునుపు ఏర్పడేదీ ఈ మార్పు వల్లనే. అంటే ఆ బొట్టు ఇప్పుడు నూనె కాదు, కుంకుడు రసమైనా సబ్బయినా దాన్ని కరిగించలేవు. దాన్ని మెత్తబరచడానికి క్షారం కావాలి, సమయం కావాలి.

వంటసోడాలో కొద్దికొద్దిగా నీళ్ళు వేస్తూ, ఇడ్లీపిండి కంటే గట్టిగా ముద్ద చేసి, బొట్ల మీద మందంగా పెట్టి, ఎండిపోకుండా పైన తడిగుడ్డ కప్పాను. మధ్యాహ్నం భోజనాలు అయ్యేవరకు దాని జోలికి పోలేదు. గుడ్డ ఎత్తి చూసేసరికి, పప్పు పొంగిన చోట తెల్లని సోడా ముద్ద నారింజ ఎరుపులోకి మారి ఉంది. చూడగానే పలక రంగు ఊడిందేమోనని అనుమానం వస్తుంది గాని, అది పసుపు పని. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, క్షారం తగిలితే పసుపులోని కుర్కుమిన్ రంగు మారుతుంది, సోడా కూడా క్షారమే. ఆ ముద్దను తుడిచేసి, అదే చోట నిమ్మచెక్కతో రుద్దితే రంగు మళ్ళీ పసుపులోకి తిరిగి, తడిగుడ్డకు చాలావరకు అంటుకుని వచ్చేసింది. తేనెరంగు బొట్ల విషయానికి వస్తే, అవి కరగలేదు గాని అంచులు లేచాయి. గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు అంచుతో వాటిని ఒక్కొక్కటిగా తోస్తే కింద గాజు గీత పడకుండా బయటపడింది. మొండిగా మిగిలిన కొన్నింటికి మరోసారి ముద్ద పెట్టాల్సి వచ్చింది.

వంటసోడా మీద వెనిగర్ గాని నిమ్మరసం గాని పోసి, బుసబుస పొంగే నురుగుతో మురికి పోతుందని చాలామంది నమ్ముతారు. నేను ఆ పని చేయను. సోడా క్షారం, నిమ్మరసం ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని మరొకటి హరించుకుని, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పోయి, చివరికి మిగిలేది నీళ్ళూ కొంచెం లవణమూ. చూడడానికి ఏదో గొప్ప పని జరుగుతున్నట్టే ఉంటుంది, కాని జిడ్డును పట్టుకునే క్షారమూ పోతుంది, ఉప్పునీటి మచ్చల్ని కరిగించే పులుపూ పోతుంది. సోడా పని పూర్తయి, దాన్ని శుభ్రంగా తుడిచేసిన తరువాతే పులుపు వాడాలి. నేను అలాగే చేశాను. బోరు నీటి తెల్లమచ్చలు కాల్షియం కార్బొనేటు కనుక, రసం పిండేసిన నిమ్మచెక్కలతో రుద్ది కొద్దిసేపు ఆగి తుడిస్తే గాజు తేటపడింది. నిమ్మతొక్కలో ఉండే నూనె చివరి జిడ్డు మెరుపును కూడా లాగేసింది.

స్టాండుల సంగతి తేలికైనది. అవి ఇనుముకు నల్లటి ఎనామిల్ పూత వేసినవి. స్టీలు బేసిన్‌లో మరిగే నీళ్ళు పోసి, వంటసోడా వేసి, వాటిని ముంచి వదిలేశాను. బాగా వేడి తగిలినప్పుడు వంటసోడాలో కొంత భాగం చాకలి సోడాగా మారుతుంది, దానికి క్షారబలం ఇంకా ఎక్కువ. నీళ్ళు చల్లారాక కొబ్బరిపీచుతో తోమితే మాడు వదిలింది. పూత పెచ్చులూడిన చోట తుప్పు కనిపించింది. అక్కడ తడి లేకుండా ఆరబెట్టి ఒక్క చుక్క నూనె రాశాను. స్టీలు ప్లేట్లను కుంకుడు రసంతో తోమి కడిగితే సరిపోయింది. ఉప్పు మాత్రం స్టీలు మీద తడితో కలిపి వదిలేయకూడదు, ఎంత తుప్పు పట్టని లోహమైనా ఉప్పు నిలిచిన చోట సన్నని గుంటలు పడతాయి.

బర్నర్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. మా పొయ్యికి పైన మూతలు ఇత్తడివి, వాటి కింద గ్యాసూ గాలీ కలిసే గొట్టాలు అల్యూమినియంవి. ఈ రెండు లోహాలకూ ఒకే మందు పనికిరాదు. అల్యూమినియానికి క్షారమూ పడదు, పులుపూ పడదు. సోడా నీళ్ళలో వేస్తే నల్లబడి పైపొర తినేసుకుంటుంది. అందుకని ఆ గొట్టాల్ని ఊడదీయకుండా, కుంకుడు రసంలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పైపైన తుడిచి ఊరుకున్నాను. ఇత్తడి మూతలకు మాత్రం దేవుడి దగ్గర కుందులు తోమే పద్ధతే సరైనది. నానబెట్టిన చింతపండు గుజ్జులో కాస్త ఉప్పు కలిపి పట్టించి, పాత పళ్ళు తోముకునే బ్రష్‌తో రంధ్రాల వరుస వెంబడి తోమాను. నల్లటి పొర పోయి లోపలి పచ్చని ఇత్తడి కనిపించింది. బాగా మెరుస్తుందని చింతపండులో రాత్రంతా ఉంచేవాళ్ళున్నారు గాని, అంతసేపు పులుపులో ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి గులాబీరంగు రాగి పైకి తేలుతుంది, లోహం బలహీనపడుతుంది. పావుగంట కంటే ఎక్కువ అవసరం లేదని నా అభిప్రాయం.

మూసుకుపోయిన రంధ్రాలను సన్నని సూదితో ఒక్కొక్కటిగా తెరిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. అన్ని రంధ్రాల్లోంచీ సమానంగా వెలుగు కనిపించేవరకు ఆ పని వదల్లేదు, ఎందుకంటే పొయ్యి శుభ్రతలో మెరుపు కంటే ముఖ్యమైనది ఇదే. రంధ్రాలు మూసుకుపోతే గ్యాసుకు సరిపడా గాలి కలవదు, మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నెల అడుగున మసి పడుతుంది, గ్యాసు వృథా అవుతుంది. తోమిన మూతల్ని మంచినీళ్ళతో మళ్ళీమళ్ళీ కడిగి, బాల్కనీలో ఎండకు బోర్లించాను. ఇక్కడ ఉప్పు గాని సోడా గాని కాస్త మిగిలినా మంట నారింజ పసుపు రంగులో వస్తుంది. ఆ రెండింటిలోనూ ఉన్న సోడియం మంటకు ఇచ్చే రంగు అది. అది చూసి బర్నర్ పాడైందని కంగారు పడనక్కరలేదు, మరోసారి కడిగి ఆరబెడితే పోతుంది.

అన్నీ పూర్తిగా ఆరిన తరువాత మూతల్ని వాటి గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, రెగ్యులేటర్ తెరిచాను. పొయ్యి వెలిగించేలోపు మిగిలిన కుంకుడు రసంతో మరో పని చేశాను. దాన్ని గిలకొట్టి, వచ్చిన నురుగును రెగ్యులేటర్ దగ్గరా, రబ్బరు గొట్టం రెండు చివర్లా బ్రష్‌తో పట్టించి చూశాను. గ్యాసు ఎక్కడైనా కారుతుంటే అక్కడ బుడగలు ఉబ్బుతూ పెరుగుతాయి. పొయ్యిని కదిలించి తుడిచినప్పుడు గొట్టం కూడా కదులుతుంది గనుక, ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. అగ్గిపుల్ల వెలిగించి చూడడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. బుడగలు వచ్చినా, వాసన వచ్చినా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, లైట్ల స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చి, గ్యాసు కారితే పిలవాల్సిన అత్యవసర నంబరు 1906 కు ఫోన్ చేయాలి. మా గొట్టం దగ్గర బుడగలేమీ రాలేదు. దాని మీద అచ్చువేసిన తేదీ కూడా అప్పుడే చూసుకున్నాను, అయిదేళ్ళకు ఒకసారి మార్చుకోవాల్సిన వస్తువు అది.

వెలిగించి చూస్తే రెండు బర్నర్లు నీలంగా, అంచులు స్థిరంగా మండాయి. చిన్న బర్నర్ మాత్రం ఎంత శుభ్రం చేసినా పచ్చగానే వచ్చింది. అది ఉప్పు వల్ల వచ్చే రంగు కాదు, గిన్నెకు మసి కూడా అంటుతోంది. అలాంటప్పుడు లోపం జెట్ దగ్గరో గాలి లోపలికి వచ్చే చోటో ఉంటుంది. జెట్ అంటే గ్యాసు బయటికి వచ్చే సన్నని ఇత్తడి రంధ్రం. దాని కొలత చాలా కచ్చితంగా ఉండాలి కనుక సూది దూర్చి ఆ రంధ్రాన్ని పెద్దది చేయడం నాకు ఇష్టం లేకపోయింది. పొయ్యి బాగుచేసే అతన్ని పిలిపించాను. అతను బర్నర్ కింది గొట్టం విప్పి చూస్తే, లోపల గాలి వచ్చే చోట సాలెగూడూ దుమ్మూ అడ్డుపడి ఉన్నాయి. అది తీసేశాక మూడో మంట కూడా నీలంగా మారింది.

పూర్తిగా పోనివి కూడా కొన్ని ఉన్నాయి. పెద్ద బర్నర్ చుట్టూ ఏళ్ళ తరబడి సెగ తగిలి ఏర్పడిన లేత గోధుమరంగు వలయం ఏ ముద్దకూ ఏ రసానికీ లొంగలేదు. చెయ్యి పెడితే నునుపుగానే ఉంది గనుక దాన్ని అలాగే వదిలేశాను. రోజూ రాత్రి వంటలు ముగిసి, పలక కొంచెం వెచ్చగా మాత్రమే ఉన్నప్పుడు, కుంకుడు రసంలో ముంచి పిండిన గుడ్డతో ఒకసారి, మంచినీటి గుడ్డతో ఒకసారి తుడిచి, చివరికి పొడిగుడ్డ వేస్తున్నాను. నూనె బిగుసుకోవడానికి ముందే తుడిచేస్తే దానికి సోడా అవసరమే రాదు, చివర్లో పొడిగుడ్డ వేస్తే ఉప్పునీటి మచ్చా పడదు. కుంకుడు రసం బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో పులిసి వాసన వస్తుంది కాబట్టి, కొద్దిగా మాత్రమే చేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను. సీసా మీద అదేమిటో రాసిన చీటీ అంటించాను, చింతపండు రసం అనుకుని ఎవరైనా చారులో పోసే అవకాశం ఉంది గనుక.